తెలిసి తెలిసి చంపుకున్న సీజన్

దేశంలో అగ్రశ్రేణి ఫుట్‌బాల్ లీగ్‌కు ఆధారమైన ఒప్పందం 2025 డిసెంబరు 8న ముగుస్తుందని అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యకు పదిహేనేళ్లుగా తెలుసు. 2010 డిసెంబరులో ఆ ఒప్పందం మీద సంతకం చేసిందే సమాఖ్య. అయినా ఆ రోజు వచ్చేసరికి కొత్త ఒప్పందం లేదు, లీగ్ నడిపే సంస్థ లేదు, మ్యాచ్‌ల పట్టిక లేదు. మామూలుగా సెప్టెంబరులోనో అక్టోబరులోనో మొదలయ్యే ఇండియన్ సూపర్ లీగ్ డిసెంబరు దాటినా మొదలుకాలేదు. తుపాను వచ్చి ఆగిన సీజన్ కాదిది, మహమ్మారి వచ్చి ఆగిందీ కాదు. కోవిడ్ రోజుల్లో సైతం ఆటగాళ్లందరినీ గోవాలో ఉంచి, ఖాళీ స్టేడియాల్లో మ్యాచ్‌లు ఆడించిన లీగ్ ఇది. గడువు తెలిసి, హెచ్చరికలు విని, పర్యవసానం ఎరిగి చేజేతులా ఆపుకున్న సీజన్ 2025-26. దీన్ని దురదృష్టం అనడమంటే బాధ్యులను కాపాడటమే.

ఈ పతనానికి మూలం ఆ పాత ఒప్పందంలోనే ఉంది. ఐఎంజీ-రిలయన్స్‌కు పదిహేనేళ్ల పాటు వాణిజ్య హక్కులన్నీ రాసిచ్చి, అందుకు బదులుగా 700 కోట్ల రూపాయలు తీసుకునేలా సమాఖ్య కుదుర్చుకుంది. ఆ హక్కులే తర్వాత ఫుట్‌బాల్ స్పోర్ట్స్ డెవలప్‌మెంట్ లిమిటెడ్ చేతికి వచ్చాయి. 2014లో ఎనిమిది జట్లతో సూపర్ లీగ్ పుట్టింది. 2019లో ఆసియా సమాఖ్య ఆమోదంతో అదే దేశపు అగ్రశ్రేణి లీగ్ అయింది. డబ్బు వచ్చింది, టీవీ వచ్చింది, పచ్చటి మైదానాలు వచ్చాయి. కాదనలేం. కానీ దేశపు ప్రధాన లీగ్‌ను సొంతంగా నడిపే శక్తిని సమాఖ్య పెంచుకోలేదు. ప్రసార హక్కులు అమ్మడం, స్పాన్సర్లను వెతకడం, క్లబ్బుల జమాఖర్చులు చూడటం, అన్నీ వేరొకరి పని అనుకుంది. ఏటా అందే సొమ్ముతో కార్యాలయం నడుపుకుంటూ, ఆ సొమ్ము ఆగిన రోజు ఏం చేయాలన్న ఆలోచన పక్కన పెట్టింది.

సమాఖ్య చెప్పుకునే సాకు ఒకటుంది. తమ నియమావళి కేసు సుప్రీంకోర్టులో ఉంది, తీర్పు వచ్చేదాకా కొత్త ఒప్పందం జోలికి వెళ్లొద్దని 2025 ఏప్రిల్‌లో న్యాయస్థానమే చెప్పింది, కాబట్టి మా చేతులు కట్టేసి ఉన్నాయి అని. ఆ మాటలో నిజం ఉంది. కానీ వ్యవహారం కోర్టు గుమ్మం ఎక్కింది ఎవరి నిర్వాకం వల్ల? జాతీయ క్రీడా నియమావళిని పాటించకుండా ఎన్నికలు జరిపారంటూ ఢిల్లీ హైకోర్టు 2017లోనే ఆ ఎన్నికను కొట్టేసింది. అప్పటి నుంచి ఎనిమిదేళ్లు సమాఖ్య ఒక సరైన నియమావళిని ఆమోదించుకోలేకపోయింది. 2022 ఆగస్టులో ఫిఫా మన దేశాన్ని సస్పెండ్ చేసినా కళ్లు తెరుచుకోలేదు. చివరికి మన తెలుగువాడైన విశ్రాంత న్యాయమూర్తి జస్టిస్ లావు నాగేశ్వరరావు నియమావళి ముసాయిదా రాసివ్వాల్సి వచ్చింది. మరో తెలుగు న్యాయమూర్తి జస్టిస్ పమిడిఘంటం శ్రీనరసింహ నేతృత్వంలోని ధర్మాసనం 2025 సెప్టెంబరు 19న దానికి ఆమోదముద్ర వేయాల్సి వచ్చింది. అక్టోబరు 30లోగా నియమావళి అమల్లోకి రాకుంటే మళ్లీ సస్పెండ్ చేస్తామని అప్పటికే ఫిఫా హెచ్చరించింది. ఇల్లు చక్కదిద్దుకోవడానికి ఎనిమిదేళ్లు చాలని వారు కోర్టును తప్పుపట్టడం చెల్లదు.

ఈలోగా జరగాల్సిన నష్టం జరిగిపోయింది. ఒప్పందం సంగతి తేలనందున సీజన్‌ను నిలిపి ఉంచుతున్నామని జులై 11న నిర్వాహక సంస్థ చెప్పేసింది. ఆగస్టులో బెంగళూరు ఎఫ్‌సీ తన ప్రధాన జట్టు ఆటగాళ్లకు, సిబ్బందికి జీతాలు నిలిపేస్తున్నట్టు బహిరంగంగానే ప్రకటించింది. దేశం తరఫున అత్యధిక గోల్స్ చేసిన సునీల్ ఛెత్రీ ఆడే క్లబ్ అది. ఆ క్లబ్ పరిస్థితే అలా ఉంటే, ఏడాది ఒప్పందం మీద బతికే ఇరవయ్యేళ్ల కుర్రవాడి గతి ఏమిటి? ఫిజియో, కిట్‌మ్యాన్, మైదానం చూసుకునే కూలీ ఎవరిని అడగాలి?

అక్టోబరులో సమాఖ్య హడావుడిగా టెండర్ పిలిచింది. పదిహేనేళ్ల హక్కులు. ఏటా కనీసం 37.5 కోట్ల రూపాయలు, లేదా స్థూల ఆదాయంలో 5 శాతం, రెండింటిలో ఏది ఎక్కువైతే అది సమాఖ్యకు చెల్లించాలి. పాత ఒప్పందంలో ఏటా అందిన దాదాపు 50 కోట్ల కంటే ఇది తక్కువే. ప్రశ్నలడిగిన సంస్థలున్నాయి, గడువును రెండు రోజులు పెంచారు. నవంబరు 7న తీరా చూస్తే ఒక్క బిడ్ కూడా లేదు. నూట నలభై కోట్ల జనాభా ఉన్న దేశపు అగ్రశ్రేణి లీగ్‌ను తీసుకుంటామని ముందుకొచ్చినవారు సున్నా. ఖర్చంతా నీది, నిర్ణయాల్లో మాట మాత్రం తక్కువ అంటే ఏ వ్యాపారి వస్తాడు? లీగ్‌కు నిలకడ లేదని, అధికారుల మాటకు విలువ లేదని మార్కెట్ ఇచ్చిన తీర్పు అది. సీజన్ మొదలవాల్సిన సమయానికి టెండర్ పిలవడం ఇల్లు కాలుతుండగా బావి తవ్వబోవడమే.

ఆ నెలల్లోనే జాతీయ జట్టు తలవంచుకుంది. అక్టోబరు 14న గోవాలో సింగపూర్ చేతిలో 1-2తో ఓడి 2027 ఆసియా కప్ ఆశలు వదులుకుంది. నవంబరు 18న ఢాకాలో బంగ్లాదేశ్ చేతిలో ఓడింది. ఇరవై రెండేళ్లలో వారి చేతిలో అదే తొలి ఓటమి. దేశంలో ప్రతిభ లేక కాదు ఇది. నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య వంటి అమ్మాయిలున్న మహిళల జట్టు ఆ జులైలోనే థాయిలాండ్‌ను దాని గడ్డపై 2-1తో ఓడించి ఆసియా కప్‌కు అర్హత సాధించింది. లీగ్ లేకుండా, మ్యాచ్ అలవాటు లేకుండా పురుషుల జట్టును అంతర్జాతీయ పోటీకి పంపి గెలుపు ఆశించినవారిదే తప్పు.

ఈ కథలో హైదరాబాద్‌కు తగిలిన దెబ్బ వేరు. భారత ఫుట్‌బాల్‌కు స్వర్ణయుగాన్నిచ్చిన నగరమిది. 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్‌ను హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఎవరికీ వదల్లేదు. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ శిక్షణలోనే భారత్ 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. సికింద్రాబాద్ వీధుల్లో ఆట నేర్చిన తులసీదాస్ బలరాం ఆ మెల్‌బోర్న్ జట్టులో ఆడాడు. అర్ధశతాబ్దం మరుగున పడ్డ ఆ ఘనత 2022 మార్చి 20న తిరిగి తలెత్తింది. గోవాలో సూపర్ లీగ్ ఫైనల్, ఎదుట కేరళ బ్లాస్టర్స్, స్టేడియమంతా పసుపు రంగు. ఒక గోల్ వెనకబడి ఉండగా 88వ నిమిషంలో సాహిల్ తవోరా స్కోరు సమం చేశాడు. పెనాల్టీల్లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు షాట్లు ఆపాడు. హైదరాబాద్ ఎఫ్‌సీ దేశ విజేత అయింది.

రెండేళ్లు తిరిగేసరికి అదే జట్టు 2023-24లో ఒక్క మ్యాచ్ మాత్రమే గెలిచి అట్టడుగున మిగిలింది. జీతాలు అందక ఆటగాళ్లు వెళ్లిపోయారు, బకాయిల వల్ల ఫిఫా ఆంక్షలు విధించింది. యాజమాన్యం మారింది. 2025 అక్టోబరులో క్లబ్బును ఏకంగా ఢిల్లీకి తరలించి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు మార్చారు. గచ్చిబౌలి గ్యాలరీల్లో గొంతు చించుకున్న అభిమానిని ఒక్క మాట అడిగినవారు లేరు. అడగాలన్న నిబంధన కూడా లేదు. ఒక నగరం పేరు మోసిన జట్టును కార్యాలయం మార్చినంత తేలిగ్గా మార్చనిచ్చిన లీగ్, ఆ నగరానికి జవాబు చెప్పాల్సిన పనిలేదనుకుంది.

పాత ఒప్పందం ముగిసిన ఐదో రోజున, డిసెంబరు 13న, లియోనెల్ మెస్సీ హైదరాబాద్ వచ్చాడు. ఉప్పల్ క్రికెట్ స్టేడియం జనంతో హోరెత్తింది. ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి సైతం బంతితో మైదానంలోకి దిగారు. ఫుట్‌బాల్ అంటే మన పిల్లలకు ఎంత ప్రాణమో ఆ సాయంత్రం చూపించింది. తప్పు ఆ పిల్లలది కాదు, మెస్సీదీ కాదు. కొద్ది గంటల వేడుకకు దొరికిన డబ్బు, పోలీసు బందోబస్తు, ప్రభుత్వ శ్రద్ధ ఏడాదంతా ఆడాల్సిన లీగ్‌కు ఎందుకు దొరకలేదన్నదే ప్రశ్న. సొంత జట్టు ఊరు వదిలిపోతుంటే అడ్డుపడని రాష్ట్ర ప్రభుత్వమూ, క్రీడా సంఘాలూ దీనికి సమాధానం చెప్పాలి.

క్లబ్బుల యజమానులూ ఈ పాపంలో భాగస్వాములే. అట్టడుగున నిలిచిన జట్టు కింది లీగ్‌కు దిగిపోవడం ప్రపంచమంతటా ఉన్న పద్ధతి. 2024-25 నుంచి ఇక్కడా అమలు చేస్తామని ఆసియా సమాఖ్యకు మాటిచ్చారు, అమలు కాలేదు. ఓడినా చోటు పోని లీగ్‌లో పునాది మీద ఖర్చు చేయాల్సిన అవసరం ఎవరికీ కనబడలేదు. కింది నుంచి పైకి రావడానికి చెమటోడ్చి, ఐ-లీగ్‌లో రెండుసార్లు రెండో స్థానంతో ఆగిపోయిన శ్రీనిధి డెక్కన్ వంటి జట్ల శ్రమకు ఇలాంటి వ్యవస్థలో విలువెక్కడిది?

చివరికి 2026 జనవరి మొదటి వారంలో ఛెత్రీ, గుర్‌ప్రీత్ సింగ్ సంధు, సందేశ్ ఝింగన్ వంటి ఆటగాళ్లు వీడియోలో కనిపించి, తమ ఆటను కాపాడమని ఫిఫాను వేడుకున్నారు. ఆ తర్వాతే కదలిక వచ్చింది. 14 జట్లతో ఫిబ్రవరి 14 నుంచి లీగ్ జరుగుతుందని జనవరి 6న కేంద్ర క్రీడా మంత్రి మన్‌సుఖ్ మాండవీయ ప్రకటించారు. ఆట బతికినందుకు సంతోషమే. కానీ లెక్క చూడండి. ముందటి సీజన్‌లో ప్రతి జట్టు లీగ్ దశలో 24 మ్యాచ్‌లు ఆడింది. 2025-26కు మిగిలినవి మొత్తం 91 మ్యాచ్‌లు, జట్టుకు 13. కొద్దిపాటి వృత్తి జీవితంలో సగం ఏడాదిని ఆటగాళ్ల నుంచి లాగేసుకుని, మిగతా సగాన్ని వరంలా ఇస్తే కృతజ్ఞతలు చెప్పాలా?

ఏటా మంత్రి జోక్యంతో నడిచేది లీగ్ అనిపించుకోదు. వచ్చే పదేళ్ల క్యాలెండర్, ఆర్థిక ఏర్పాటు ఇప్పుడే జనం ముందు పెట్టాలి. లీగ్ యాజమాన్యంలో క్లబ్బులకు, సమాఖ్యకు, ఆటగాళ్లకు చోటుండాలి. ఏడాది జీతాల సొమ్మును ముందే విడిగా జమ చేయని క్లబ్బుకు లైసెన్సు ఇవ్వకూడదు. కిందికి దిగే నిబంధన మినహాయింపుల్లేకుండా అమలు చేయాలి. అభిమానుల సమ్మతి లేకుండా క్లబ్బును ఊరు దాటించడాన్ని నిషేధించాలి. 2010 నుంచి సమాఖ్యకు అందిన ప్రతి రూపాయి ఎటు పోయిందో స్వతంత్ర ఆడిట్ తేల్చాలి. వీటన్నిటికంటే ముందు, గడువు తెలిసీ కదలని కార్యవర్గం బాధ్యత ఒప్పుకుని తప్పుకోవాలి. 2022లో 33-1 ఓట్లతో గెలిచిన అధ్యక్షుడు కల్యాణ్ చౌబేకు ఆటను నడపమని ఇచ్చిన తీర్పు అది, ఆపమని కాదు. ఆటగాడు ఒక్క పెనాల్టీ చేజార్చితే మర్నాడు జట్టులో చోటు పోతుంది. ఒక సీజన్‌నే చేజార్చినవారికి మరో నియమం ఉండకూడదు.