పేజీ నడక

పెద్దవూరలో సాగర్ బస్సు ఎక్కేవాళ్లందరికీ తెలిసిన సంగతే ఇది. మంచి డ్రైవరు బస్సును ఒక్క కుదుపుతో లాగడు. మెల్లగా కదిలించి, వేగం పెంచి, స్టాపు దగ్గరపడగానే తగ్గించుకుంటూ వస్తాడు. నిలబడ్డవాళ్లు కూడా తూలరు. ఫోనులో మనం చదివే పేజీ కూడా అలాగే నడవాలంటాను.

నాగార్జునసాగర్ మీద ఒక పొడవాటి పాఠం తెరిచారనుకోండి. 1955 నాటి శంకుస్థాపన దగ్గరున్నారు. విషయసూచికలో 'విద్యుదుత్పత్తి' అన్న మాట నొక్కారు. పేజీ ఠక్కున దూకితే ఎటు వచ్చామో, ఎంత దూరం వచ్చామో తెలియదు. అర సెకనులో జారుతూ వెళితే కన్ను దారి పట్టుకుంటుంది.

ఈ జారుడు సినిమాలాగా బొమ్మల వరుసే. మామూలు ఫోను తెర సెకనుకు 60 బొమ్మలు గీస్తుంది. ఒక్కో బొమ్మకు ముందు పేజీ ఎక్కడుండాలో జావాస్క్రిప్టు లెక్కగట్టి చెబుతుంది. 1600 పిక్సెళ్లు జరగాలనుకుందాం. ఒకే వేగమైతే పావు వంతు కాలానికి 400, ముప్పావుకు 1200. చివర దబ్బున ఆగుతుంది. గడిచిన కాలపు భాగాన్ని 'క' అనుకోండి. దూరాన్ని క × క × (3 − 2క)తో హెచ్చవేయండి. పావుకు 250, సగానికి 800, ముప్పావుకు 1350 వస్తాయి. కాగితం మీద వేసి చూడండి, మన డ్రైవరు పద్ధతే!

బొమ్మకు 40 పిక్సెళ్ల చొప్పున జరపడం కొందరికి అలవాటు. అది నాకు నచ్చదు. 1600 పిక్సెళ్లకు 40 బొమ్మలు కావాలి. సెకనుకు 120 బొమ్మలు గీసే ఖరీదైన ఫోనులో సెకనులో మూడో వంతుకే పని అయిపోతుంది. మొరాయిస్తూ 20 మాత్రమే గీసే పాత ఫోనులో రెండు సెకన్లు పడుతుంది. పాత ఫోనున్న పిల్లవాడు ఎందుకు ఆగాలి? గడియారం చూసి లెక్కగడితే ఇద్దరూ ఒకేసారి చేరతారు.

అసలు లంకెల కోసం ఇంత లెక్క ఇప్పుడు మనం రాయనక్కరలేదు. ఫైర్‌ఫాక్స్ 2015 నుంచి, క్రోమ్ 2017 నుంచి, సఫారీ 2022 నుంచి 'స్మూత్' అన్న ఒక్క మాట చెబితే తామే జరుపుతున్నాయి. ఆ పని బ్రౌజరుకే వదిలేయడం మేలు.

అయితే ఈ జారుడు అందరికీ హాయి కాదు. లోపలి చెవిలో మన శరీరపు తూకాన్ని కనిపెట్టే అవయవం ఉంది. అందులో లోపమున్నవాళ్లకు తెర మీద కదలికలు చూస్తే తల తిరుగుతుంది, వికారం పుడుతుంది. అలాంటివారికోసం ఫోనులో కదలికలు తగ్గించే ఏర్పాటు ఉంటుంది. అది పెట్టి ఉందా లేదా అని జావాస్క్రిప్టు అడిగి తెలుసుకోవచ్చు. పెట్టి ఉంటే పేజీ దూకడమే మంచిది. ఈ ప్రశ్న అడగని పేజీ ఎంత నునుపుగా జారినా మంచి పేజీ అనను.

మరికొన్ని పేజీలు మన వేలితో తోసినా తమ ఇష్టప్రకారమే జారతాయి. లంకె నొక్కి తీసుకుపొమ్మన్నది మనమే. వేలితో తోసేటప్పుడు ఆ సాయం ఎవరడిగారు? మీరు పేజీ తయారుచేస్తే ఒక పరీక్ష పెట్టండి. అది జారుతుండగా తెర మీద వేలు ఆనించండి. ఆగకపోతే కోడ్ మళ్లీ రాయండి.