కాలిన ఇల్లు దాచుకున్నది

బొబ్బిలి అనగానే తాండ్ర పాపారాయుడు గుర్తొస్తాడు, వీణ గుర్తొస్తుంది. నాకు మాత్రం ఈమధ్య ఆ కోటలోని ఇళ్ళ మీదే ధ్యాస.

1757 జనవరి 24. ఒకపక్క ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు, ఇంకోపక్క విజయనగరం విజయరామరాజు బలగం. కోట ఇక నిలవదని తేలాక, ఆడవాళ్ళూ పిల్లలూ ఉన్న పాకలకి లోపలి మగవాళ్ళే నిప్పు పెట్టారు. రంగారాయుడి కొడుకు ఒక్కడు బతికి బయటపడ్డాడు. దీన్ని రాబర్ట్ ఓర్మ్ అనే ఇంగ్లీషాయన రాశాడు, ఆయన ఆ రోజు అక్కడ లేడు. మన కథకులు ఊరూరా పాడారు, కానీ వాళ్ళు పాడింది యుద్ధం, వంటిల్లు కాదు. మరి ఆ పాకల్లో ఏం వండుకున్నారు? తెల్లోళ్ళ సరుకు ఆ గుమ్మాల దాకా వచ్చిందా?

ఇలాంటి ప్రశ్నే కెనడాలోని లాబ్రడార్ తీరంలోనూ వచ్చింది. అక్కడి ఇన్యూట్‌లు పచ్చికగడ్డలు, రాళ్ళు, తిమింగలం ఎముకలతో చలికాలపు ఇళ్ళు కట్టుకునేవాళ్ళు. యూరప్ ఓడలు వచ్చిపోయే 18వ శతాబ్దానికి చిన్న ఇళ్ళు పోయి, చాలా కుటుంబాలు కలిసుండే పెద్ద ఇళ్ళొచ్చాయి. ఎందుకు? చలి ముదిరిందని కొందరు, వర్తకంతో కొత్త పెద్దమనుషులు పుట్టుకొచ్చారని కొందరు. ఒక్క పార పట్టుకుంటే తేలే తగువు కాదిది. సీల్ ఎముకలు లెక్కపెట్టేవాళ్ళు, చెట్ల వలయాలు చూసేవాళ్ళు, మట్టిలో పురుగుల రెక్కలు ఏరేవాళ్ళు, మొరేవియన్ మిషనరీల రాతలు చదివేవాళ్ళు, అందరూ ఒక చోట కూర్చోవాల్సొచ్చింది.

అక్కడంటే చలి దాచిపెట్టింది, మన వానలకీ చెదలకీ ఏం మిగుల్తుంది అంటారా? నిప్పు మిగుల్చుతుంది. మామూలు మట్టిగోడ నాలుగు వానలకి కరిగిపోతుంది. కాలిన గోడ ఇటుకలా గట్టిపడి, లోపలి వెదురు తడకల అచ్చుని అలాగే పట్టి ఉంచుతుంది. మాడిన గింజ కుళ్ళదు, అది చోడో సామో సూక్ష్మదర్శినిలో తెలిసిపోతుంది. నేలని పల్చగా కోసి చూస్తే పేడతో అలికిన పూతలు పొరలు పొరలుగా కనిపిస్తాయి. ఓ ముసలమ్మని అడిగితే, “పండగొచ్చిందంటే అలకాల్సిందే బాబూ, నేకపోతే గోడుంటదా?” అంది. అంటే ఆ పొరలు లెక్కపెడితే ఆ ఇంట్లో ఎన్ని పండగలు జరిగాయో ఇంచుమించు చెప్పొచ్చు. ఓర్మ్ పుస్తకంలో దొరకదు ఇది. (పాపం, ఆయన్నని ఏం లాభం, పేడనీళ్ళ సంగతి ఆయనకెవరు చెప్తారు.)

పాత కోట దగ్గర యుద్ధస్తంభం నిలబెట్టారు. ఫొటోలన్నీ దానికే. నాకైతే దాని చుట్టూ ఉన్న నేల మీదే బెంగ. ఒక్కసారి జేసీబీ దిగితే పూతలు, గింజలు, పూసలు అన్నీ ఒకే కుప్ప, ఇక ఏది ముందో ఏది వెనకో ఎవరూ చెప్పలేరు.

శ్రీకాకుళం వైపు తాటాకు చుట్టిళ్ళు ఇంకా అక్కడక్కడ ఉన్నాయి. మీ ఊళ్ళో ఉంటే ఈ ఆదివారం ఫోన్ తీసుకెళ్ళండి. సెల్ఫీ తర్వాత. ముందు మామ్మని మాట్లాడించి రికార్డు చెయ్యండి: గోడకి ఏ మట్టి, అందులో ఏం కలిపారు, పొయ్యి ఏ మూల, ఏడాదికి ఎన్నిసార్లు అలుకుతారు.