దినోత్సవ మొక్కటే చాలదు

ప్రధానమంత్రి శ్రీ నరేంద్ర మోదీగారు 2015 ఆగస్టు 7న చెన్నైలో జాతీయ చేనేత దినోత్సవమును ప్రారంభించిరి. 1905 నాటి స్వదేశీ ఉద్యమమునకు అది స్మారకము. అందుకు మేము కృతజ్ఞులము. 2023 ఏప్రిల్ 30న ఎన్నికల ప్రచారమునకై మన కోలారుకును వచ్చిరి.

కాని 2017 జూలై నుండి నూలుపై 5 శాతము జి.ఎస్.టి. పడుచున్నది. రిజిస్ట్రేషను లేని చిన్న నేతగాడు దానిని తిరిగి రాబట్టుకొనలేడు. అది అతని కూలిలోనుండియే పోవును. 2020లో అఖిల భారత చేనేత బోర్డును రద్దుచేసిరి. మన మొర వినిపించు చోటును పోయినది.

2001లో బంగారు గనులు మూతపడగా కోలారు గోల్డ్ ఫీల్డ్స్ కుటుంబములు పడిన పాట్లు కండ్లార చూచితిమి. మగ్గమునకు ఆ గతి పట్టరాదు. నూలుపై పన్ను తీసివేయవలెను, బోర్డును పునరుద్ధరింపవలెను. ప్రతి సంఘమును ఈ మేరకు తీర్మానించి ఢిల్లీకి పంపవలెనని మా మనవి.