సరిహద్దునందలి సోదా

నేరారోపణపై నిర్బంధించిన వ్యక్తి సెల్‌ఫోనునైనను సాధారణముగా వారంటు లేక పోలీసులు శోధింపరాదని 2014లో రైలీ వ్యాజ్యమున అమెరికా సర్వోన్నత న్యాయస్థానము ఏకగ్రీవముగా తీర్పు చెప్పియుండగా, ఏ నేరమును మోపబడని ప్రయాణికుని ఫోనును అదే దేశపు విమానాశ్రయమున అధికారి వారంటు లేకయే విప్పి చూడగలుగుట నాకు మిక్కిలి అన్యాయముగా తోచుచున్నది. సుంకము ఎగవేయు సరకును పట్టుకొనుటకై పుట్టిన అధికారమును, ఒక మనుష్యుని ఉత్తరప్రత్యుత్తరములను, ఛాయాచిత్రములను, వైద్యుని చీటీలను, బ్యాంకు లెక్కలను సమస్తమును ఇముడ్చుకొన్న పరికరమునకు వర్తింపజేయుట ఎట్లు న్యాయమగును? 2018 నాటి కస్టమ్స్ శాఖ ఆదేశము ప్రకారము, ఫోనును యంత్రమునకు తగిలించి అందలి సమాచారమును నకలు తీయుటకు సహేతుకమైన అనుమానమో, జాతీయ భద్రతా కారణమో ఉండవలెను. చేతితో తెరచి చదువుటకు అదియు అక్కరలేదు. దూరముననున్న సర్వర్లలోని సమాచారము జోలికి పోరాదను నియమమొకటి మాత్రము మెచ్చదగినది. పాస్‌వర్డు చెప్పనన్న అమెరికా పౌరుని లోనికి రానీయక తప్పదు, అతని ఫోనును మాత్రము పట్టియుంచవచ్చును. వీసాపై వచ్చినవాడు కాదన్నచో వెనుదిరిగి పోవలసిరావచ్చును. గుంటూరునుండియో వరంగల్లునుండియో అప్పుచేసి చదువునకై పోయిన మన విద్యార్థికి ఆ వరుసలో నిలుచుండి కాదనగల స్వాతంత్ర్యము లేదు. పైగా ఆ ఫోనులో నున్నవి అతని రహస్యములు మాత్రమే కావు, తల్లిదండ్రులవి, స్నేహితులవి, ఎన్నడును ఆ సరిహద్దు దాటనివారివి, ఎవరి అనుమతిని ఎవరును అడుగనివి. న్యాయాధిపతి యనుజ్ఞ లేనిదే ఫోను తెరువరాదను నియమమును, పౌరునకును పరదేశికిని భేదము లేకుండ, అమెరికా కాంగ్రెసు శాసనముగా చేయవలెను.