క్లోరిన్ వార్డులో హత్య జరిగితే మోసమా?

గ్రహాంతరవాసుల ఆసుపత్రిలో హత్య జరిగినట్టు కథ రాస్తే అది అపరాధ పరిశోధనే కాదట. ఈమధ్య ఒక సాహిత్య సభలో ఒక వక్త ఈ మాట అన్నాడు, సభ చప్పట్లు కొట్టింది. ఆయన చెప్పిన కారణం ఒక్కటే: గ్రహం రచయితదే, జీవి రచయితదే, విషమూ రచయితదే, కాబట్టి ఆఖరి పేజీలో ఏదో ఒకటి పుట్టించి హంతకుణ్ణి పట్టేసుకోవచ్చు, పాఠకుడు మోసపోతాడు. ఈ వాదం కొత్తదీ కాదు, నిజమూ కాదు. ఒక సాహిత్య శాఖను చదవకుండానే కొట్టిపారేసిన మాటకు అన్ని చప్పట్లు పడటం మరీ అన్యాయం.

అమెరికాలో అస్టౌండింగ్ అనే సైన్స్ ఫిక్షన్ పత్రికకు సంపాదకుడైన జాన్ క్యాంప్‌బెల్ ఎప్పుడో ఇదే అన్నాడు. డిటెక్టివ్ జేబులోంచి ఏదో యంత్రం తీసి, ఇదిగో నేరస్థుడని చూపిస్తే పాఠకుడేం చేయగలడని ఆయన ప్రశ్న. ఐజాక్ అసిమోవ్ దానికి నవలతోనే జవాబిచ్చాడు. 'ది కేవ్స్ ఆఫ్ స్టీల్' 1953లో గెలాక్సీ పత్రికలో ధారావాహికగా వచ్చి, మరుసటి ఏడాది పుస్తకమైంది. రోబో ఏం చేయగలదో, ఏం చేయలేదో, కప్పు కింది నగరాల్లో పుట్టి పెరిగిన మనుషులు ఆరుబయట అడుగుపెట్టాలంటే ఎంత హడలిపోతారో అందులో ముందే చెప్పేస్తాడు. హత్య ముడి విప్పేది ఆ సంగతులే. జేబులోంచి ఏదీ రాదు.

ఆయన రాసిన చిన్న కథ 'ది డైయింగ్ నైట్' ఇంకా గట్టి సాక్ష్యం. 1956లో వచ్చిన ఆ కథలో హంతకుడు ఎవరన్నది బుధగ్రహం మీద ఆధారపడి తేలుతుంది. బుధుడు ఎప్పుడూ ఒకే ముఖాన్ని సూర్యుడికి చూపిస్తాడని అప్పటి ఖగోళ శాస్త్రజ్ఞులు నమ్మేవారు. 1965లో రాడార్ పరిశీలనలో అది తప్పని, బుధుడు సుమారు 59 రోజులకొకసారి తన చుట్టూ తాను తిరుగుతాడని తేలింది. దాంతో కథ పునాదే కదిలింది. తర్వాత సంపుటిలో వేసినప్పుడు అసిమోవ్ ఆ సంగతి స్వయంగా రాశాడు కూడా. ఇష్టం వచ్చినట్టు కల్పించుకునే రచయితను రాడార్ ఏం చేయగలదు? కథ నిజంగా నియమానికి కట్టుబడింది కాబట్టే నియమం మారితే దెబ్బతింది.

ఇంత నిజాయితీ భూమ్మీది డిటెక్టివ్ కథల్లో ఉందా? కోనన్ డాయిల్ 1892లో రాసిన 'ది స్పెకల్డ్ బ్యాండ్'ను నేటికీ గొప్ప కథంటారు, పిల్లల చేత చదివిస్తారు. అందులో హంతకుడు కలకత్తాలో వైద్యం చేసి వచ్చిన డాక్టరు. అతని ఆయుధం భారతదేశపు పాము. ఆ పాము పాలు తాగుతుంది, ఈల వేస్తే వెనక్కి వస్తుంది, గంట తాడు పట్టుకుని దిగి మళ్లీ ఎక్కుతుంది, కాటేస్తే మనిషి పది సెకన్లలో చస్తాడు. హోమ్స్ దానికి పెట్టిన పేరుతో మన దేశంలో ఏ పామూ లేదు. పాముకు బయటి చెవులు లేవు, పాలు దాని ఆహారం కాదు. కట్లపాము కాటు పడ్డ మనిషికి లక్షణాలు కనబడటానికే ఒక్కోసారి గంటలు పడతాయని తెలుగు రైతుకెవరూ చెప్పనక్కర్లేదు.

డాయిల్‌కు తెలిసే అవకాశం లేదనడానికీ వీల్లేదు. ఈస్టిండియా కంపెనీ కొలువులో విశాఖపట్నంలో పనిచేసిన ప్యాట్రిక్ రస్సెల్ ఈ కోస్తా పాముల మీద రాసిన పెద్ద గ్రంథం 1796లోనే లండన్‌లో అచ్చయింది. రక్తపింజరికి ఇంగ్లీషులో ఆయన పేరే ఉంది. ఆ గ్రంథం వచ్చి దాదాపు నూరేళ్లయ్యాక, వైద్యం చదివిన డాయిల్ లేని పాముతో హత్య చేయించాడు. దాన్ని ఒప్పుకున్న పాఠకులు క్లోరిన్ పీల్చే గ్రహాంతర జీవిని మాత్రం ఒప్పుకోరట. గ్రహాంతరవాసిని కల్పించినవాడు కనీసం కల్పించానని చెబుతాడు. లేని పాముకు మన దేశం పేరు తగిలించి నిజమని నమ్మించడాన్ని ఏమనాలి?

అగాథా క్రిస్టీ మొదటి ప్రపంచ యుద్ధకాలంలో టార్కీ ఆసుపత్రి మందుల గదిలో పనిచేసింది. ఆమె మొదటి నవల 'ది మిస్టీరియస్ అఫేర్ ఎట్ స్టైల్స్' 1920లో వచ్చింది. బ్రోమైడ్ కలిస్తే టానిక్‌లోని స్ట్రిక్నిన్ సీసా అడుక్కి దిగి, ఆఖరి మోతాదు ప్రాణం తీస్తుంది. కెమిస్ట్రీ నిజమే, నవలా మంచిదే. కానీ ఆ సంగతి మందుల తయారీ పుస్తకం చూసి డిటెక్టివ్ పాయిరో ఆఖర్లో వివరిస్తేగాని మామూలు పాఠకుడికి తెలిసే దారి లేదు. 1929లో రొనాల్డ్ నాక్స్ డిటెక్టివ్ కథలకు పది నియమాలు పెట్టాడు. ఎవరికీ తెలియని విషం వాడకూడదు, ఆఖర్లో పెద్ద శాస్త్రీయ వివరణ అవసరమయ్యే సాధనం వాడకూడదు అన్నది అందులో ఒకటి. ఆయన వద్దన్నది ఆఖర్లో వివరణ. సైన్స్ ఫిక్షన్ రచయిత వివరణ మొదట్లోనే ఇస్తాడు.

ఆసుపత్రి కథలో అలా ముందే చెప్పడం మరీ తేలిక. క్రిస్టియానా బ్రాండ్ 1944 నాటి నవల 'గ్రీన్ ఫర్ డేంజర్' ఆపరేషన్ బల్ల మీద జరిగిన హత్య గురించే. అందులోని కిటుకంతా గ్యాస్ సిలిండర్ల రంగులో ఉంది. ఒక గ్యాస్ బదులు ఇంకొకటి వెళ్తే మనిషి పోతాడు. అందుకే నిజం ఆసుపత్రుల్లో ఒక గ్యాస్ సిలిండర్ ఇంకో గ్యాస్ బిగింపుకు పట్టకుండా పిన్నుల అమరిక పెట్టారు. ఈ ఒక్క ప్రమాదాన్ని ప్రతి వార్డుకూ, ప్రతి ఊపిరికీ విస్తరిస్తే బెల్‌ఫాస్ట్ రచయిత జేమ్స్ వైట్ కట్టిన ఆసుపత్రి అవుతుంది.

వైట్ డాక్టరు కావాలనుకున్నాడు, డబ్బులేక బట్టల దుకాణంలో చేరాడు. చదవలేకపోయిన వైద్యాన్ని 1957 నుంచి కథల్లో రాశాడు. అంతరిక్షంలో 384 అంతస్తుల 'సెక్టర్ జనరల్', రకరకాల గ్రహాల రోగులు, రకరకాల గ్రహాల డాక్టర్లు. ప్రతి జాతికీ నాలుగు అక్షరాల కోడ్: ఒంటి నిర్మాణం, జీవక్రియ, పుట్టిన చోటి గురుత్వం, పీడనం అన్నీ అందులోకి వస్తాయి. మనిషిది డీబీడీజీ. క్లోరిన్ పీల్చే నర్సుకు మన గాలి విషం, ఆమె గాలి మనకు విషం. తలుపు తీసేలోపు పాఠకుడికి ఇవన్నీ తెలుసు. ఇంతకంటే న్యాయమైన ఆట ఏ ఇంగ్లీషు జమీందారు బంగళాలో దొరుకుతుంది?

1962 నాటి 'హాస్పిటల్ స్టేషన్' సంపుటిలో ఒక కథ ఉంది. పాడైన ఓడలోంచి తెచ్చిన రోగి తన సహచరుణ్ణి పొట్టన పెట్టుకున్నాడని అనుమానం. డాక్టర్ కాన్వే దాన్ని తేల్చింది రోగ నిర్ధారణతోనే. కనిపించకుండా పోయిన ఆ సహచరుడు రోగి ఒంట్లోనే ఉన్న వైద్యుడు, ఆలోచించగల వైరస్‌ల గుంపు! హింసంటే గిట్టని వైట్ ఆసుపత్రిలో చావుకు కారణం వెదకడమంటే కేసు తేల్చడమే.

ఎదుటివారి భావోద్వేగాలను పసిగట్టే, వైట్ ఆసుపత్రిలోని డాక్టర్ ప్రిలిక్లా లాంటివాళ్లుంటే మిస్టరీ ఎక్కడుంటుందని మరో అభ్యంతరం. 1953లో మొట్టమొదటి హ్యూగో అవార్డు అందుకున్న ఆల్ఫ్రెడ్ బెస్టర్ నవల 'ది డిమాలిష్డ్ మ్యాన్'లో పోలీసే మనసులు చదువుతాడు. హంతకుడెవరో అతనికి తెలుసు, కానీ కోర్టులో అది సాక్ష్యంగా చెల్లదు. ఉత్కంఠ అక్కడే మొదలవుతుంది. ఇక ఇలాంటి కథల్లో మానవ హృదయం ఉండదంటారా? వైట్‌ను చదివినవారు ఆ మాట అనరు.

కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ నవలలను అద్దెకు తెచ్చుకుని తెల్లవార్లూ చదివిన తెలుగు పాఠకులకు కొత్త వార్డులోకి అడుగుపెట్టడం కష్టమేమీ కాదు. ఇలాంటి కథలకు పత్రికలు పోటీ పెట్టి చూడాలి. షరతు ఒక్కటి చాలు: చనిపోయిన జీవి కేస్ షీటు, అది పీల్చే గాలి, తినే తిండి, పడని మందులు, ఆ రాత్రి డ్యూటీలో ఉన్నవారి జాబితా మొదటి అధ్యాయంలోనే అచ్చు కావాలి. ఆ పైన హంతకుణ్ణి పాఠకుడు కనిపెడతాడో లేదో ఆ వక్తనూ పిలిచి చూపించవచ్చు.