మూట, ముడి

కోడు రాసిపెట్టే కృత్రిమ మేధ సహాయకులకు మన పద్ధతులు నేర్పి, ఆ నేర్పినదాన్ని మూటగట్టి పదిమందికీ పంచే పని ఈ మధ్య జోరందుకుంది. 2025 అక్టోబరులో ఆంత్రోపిక్ సంస్థ తన క్లాడ్ కోడ్‌కు ప్లగిన్లనూ, స్కిల్స్‌నూ తెచ్చింది. స్కిల్ బ్రహ్మవిద్యేమీ కాదు: ఒక ఫోల్డరు, అందులో మామూలు మాటల్లో రాసిన ఒక ఫైలు. పైన పేరు, ఎప్పుడు పనికొస్తుందో చెప్పే వివరణ. కింద అసలు పాఠం. సహాయకుడు మొదట ఆ పేరునూ వివరణనూ మాత్రమే చూస్తాడు, అవసరమనిపిస్తేనే లోపలికి వెళ్తాడు. ప్లగిన్ ఇంకా పెద్ద మూట. స్కిల్స్‌తో బాటు ఆదేశాలూ, ఉపసహాయకులూ, బయటి పనిముట్లకు లంకెలూ, ఫలానా ఘట్టం రాగానే తమంత తామే నడిచే హుక్కులూ అందులో ఇమిడిపోతాయి.

ఇమిడిపోతాయి కదా అని అన్నీ కుక్కడమే నాకు నచ్చనిది.

మూటగట్టదగిన విద్య ఎలా ఉంటుందో మన భాషలోనే చూడండి. 'లక్ష్మి' అన్న మాటలో మన లెక్కకు అక్షరాలు రెండే. యూనికోడు సంకేతాలు ఏడు. సంకేతాల లెక్కన కత్తిరించే ప్రోగ్రాము ఏ పొల్లు దగ్గరో మాటను తెగ్గోస్తుంది. 'రాజ్‌కుమార్'లో పొల్లు తరవాత కంటికి కనబడని సంకేతం ఒకటుంది. చెత్త అనుకుని దాన్ని ఏరిపారేస్తే కకారం వత్తై జకారం కింద వేలాడుతుంది. తెలుగు చదవని ప్రోగ్రామరుకు ఇవి తట్టవు. సహాయకుడు ప్రతిసారీ గుర్తుంచుకుంటాడన్న భరోసా కూడా లేదు. ఇదంతా ఒక్క పుటలో రాసి ఇవ్వవచ్చు. అయితే వివరణలో 'తెలుగుకు సాయం' అంటే చాలదు. 'తెలుగు పాఠాన్ని కత్తిరించేటప్పుడు, లెక్కించేటప్పుడు, శుభ్రపరిచేటప్పుడు' అని విప్పి చెప్పకపోతే సహాయకుడు ఆ పుటను తెరవకుండానే పని కానిచ్చేయవచ్చు. ('చక్కని కోడు రాయుము' వంటి హితబోధలను మూటగట్టే మహానుభావులకు ఒక నమస్కారం.)

హుక్కుల సంగతి వేరు. అవి మన యంత్రంలో, మన అధికారంతోనే నడిచే ఆదేశాలు. ఈవెంట్-స్ట్రీమ్ అనే ఎన్‌పీఎం ప్యాకేజీ చేతులు మారాక, 2018లో కొత్త చేతులు అందులోకి బిట్‌కాయిన్ దొంగిలించే కోడును చొప్పించాయి. స్కిల్ పాఠంలోనూ దురుద్దేశం దాగవచ్చు గానీ, దాన్ని చదవడానికి అక్షరజ్ఞానం చాలు. పుటతో సరిపోయే చోట హుక్కు తగిలించి నమ్మమనడం మర్యాద కాదు.

పైగా ముడి మరీ బిగిసిన మూటల గతి మనం చూసిందే. దినపత్రికల సొంత ఖతుల పాఠాన్ని యూనికోడులో చూపిన 'పద్మ' ఫైర్‌ఫాక్స్ పొడిగింత మీకు గుర్తుండే ఉంటుంది. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57 పాత తరహా పొడిగింతలన్నిటినీ ఒక్కసారిగా పక్కన పెట్టింది. ఖతుల అక్షరాలను యూనికోడుకు జతపరిచే పట్టికలకు కాలదోషం పట్టదు. కాలం తీరింది విహారిణితో వేసిన ముడికి.

2025 డిసెంబరులో స్కిల్ రూపాన్ని బహిరంగ ప్రమాణంగా ప్రకటించారు. అంచేత పాఠం ఒక సహాయకుడి దగ్గర నుండి మరొకరి దగ్గరకు నడిచిపోగలదు. హుక్కులకూ ఆదేశాలకూ ఆ హామీ లేదు. నా మటుకు నేను ఆ తెలుగు పుటను ఏ ప్లగిన్‌లోనూ పెట్టకుండా విడి ఫోల్డరుగానే పంచదలిచాను. హుక్కు కావలసినవారు తమ ఇంట్లో తామే తగిలించుకోవచ్చు.