వేరే బోరు

"ఫ్లోరిన్‌కు కులం లేదు. రెడ్డి అని చూడదు, మాదిగ అని చూడదు. అందరి బొక్కలనూ ఒకే తీరుగ వంచుతది." నల్లగొండ జిల్లాలో నీళ్ళ మీద ఏ మీటింగు జరిగినా ఈ మాట వినాల్సిందే. చెప్పేవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. ఉద్యమాల్లో తిరిగినవాళ్ళే. చప్పట్లు కూడా పడతాయి.

నేను మర్రిగూడ దిక్కు ఒక మాదిగవాడలో పుట్టినవాణ్ణి. ఆ నీళ్ళే తాగి, చదువుకొని, సర్కారు బడిలో పంతులునైనవాణ్ణి. మా ఇంటిల్లిపాదిలో డిగ్రీ ముఖం చూసిన మొదటివాణ్ణి. నా పళ్ళ మీద గోధుమరంగు చారలున్నాయి. ఆ చారల సాక్షిగా చెప్తున్నా, ఆ మాట అబద్ధం. ఫ్లోరిన్‌కు కులం లేకపోవచ్చు. బావికి ఉంది. బోరుకు ఉంది. బిందెకు ఉంది. ఎవరు ఏ నీళ్ళు ఎన్నేండ్లు తాగాలన్నది రాయి నిర్ణయించలేదు. ఊరు నిర్ణయించింది.

మా ఊరి నడుమ చేదబావి ఉండేది. మా అమ్మ కాపురానికి వచ్చిన కొత్తలో ఆ బావి గిలకను మావాళ్ళు ముట్టొద్దు. గద్దె కింద బిందె పెట్టుకొని "రెండు చేదలు పొయ్యుండ్రి దొరసానీ" అని నిలబడాలి. పొయ్యబుద్ధయిన తల్లి పైనుంచి ఎత్తి పోసేది. సగం బిందెలో, సగం నేలపాలు. ఒకనాడు వాడ పిలగాండ్లు "మా నీళ్ళు మేమే చేదుకుంటం" అని గద్దె ఎక్కిండ్రు. పంచాయితీ అయింది. మావాళ్ళను కూలికి పిలవడం బందయింది. ఆఖరుకు పెద్దమనుషులు తీర్పు తెచ్చారు. "మీకెందుకురా గీ లొల్లి? మీ వాడకు మీకే బోరేయిస్తం." బోరుబండి వచ్చింది. కొబ్బరికాయ కొట్టారు. మా నాయన డప్పు కొట్టాడు.

ఊరి బావి మైలపడకుండా ఊరు గెలిచింది. బతిమాలకుండా నీళ్ళు దొరికినందుకు వాడ గెలిచినననుకుంది. సర్కారు రిజిస్టరులో 'హరిజనవాడకు మంచినీటి వసతి' అని ఒక గీత పడింది. అంటరానితనాన్ని తీసెయ్యమని అడిగితే దాన్ని రెండు వందల అడుగుల లోతుకు దించి, పైన హ్యాండిల్ బిగించి మా చేతికిచ్చారు.

ఆ లోతులో ఏముందో ఎవరూ చూడలేదు. నల్లగొండ నేల కింద గ్రానైటు రాయి. ఆ రాయిలో ఫ్లోరైడ్ కలిగిన ఖనిజాలున్నాయి. వాన నీళ్ళు దిగి రాతి పగుళ్ళలో ఏండ్లకేండ్లు నిలబడితే ఆ ఖనిజం నీళ్ళలోకి కరుగుతుంది. పైపై బావిలో వాన పడ్డప్పుడల్లా కొత్తనీరు కలుస్తుంది. లోతు బోరుకు ఆ భాగ్యం తక్కువ. లీటరు నీళ్ళలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాటొద్దు, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా పరవాలేదు అని మన దేశపు ప్రమాణం చెప్తుంది. 'వేరే దిక్కు లేకపోతే' అన్న ముక్క చూశారా? ఆ ముక్కలో మేమున్నాం. మా నీళ్ళు ఆ 1.5ను కూడా ఎప్పుడో దాటిపోయాయి. చాలా ఏండ్ల తర్వాత ఒక సారు కిట్టు పట్టుకొని వచ్చాడు. ఎర్రగా ఉండాల్సిన మందు మా నీళ్ళు పోస్తే పసుపుపచ్చగా మారింది. బోరింగుకు ఎర్రరంగు పూసి పోయారు. ఎర్రరంగు పూసిన బోరింగు నీళ్ళు తాగొద్దట. మరి ఏ నీళ్ళు తాగాలె? దానికి ఏ రంగూ పూయలేదు. అప్పటికే మా నాయన మెడ పక్కకు తిప్పలేడు. ఎవరన్నా పిలిస్తే మనిషంతా తిరగాల్సిందే. డప్పు చంకకు వేసుకునేటందుకు చెయ్యి లేవలేదు.

తెలియక జరిగిందంటారా? ఈ దేశంలో ఈ జబ్బు సంగతి 1937లోనే బయటపడింది, అప్పటి నెల్లూరు జిల్లా పొదిలి, దర్శి దిక్కు. మా నల్లగొండ బొక్కల గురించి డాక్టర్ సిద్దిఖీ రాసిన వ్యాసం లండన్‌లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. ఎప్పుడు? 1955 డిసెంబరులో. అదే నెల 10వ తేదీన నెహ్రూ ఇదే జిల్లాలో నాగార్జునసాగర్‌కు పునాదిరాయి వేశాడు. ఒకే నెలలో జబ్బు పేరు అచ్చయింది, మందు పనికి కొబ్బరికాయ కొట్టారు. మా ఎత్తు నేలలకు ఆ కాలువలు ఎక్కలేదు. 2004 నుంచి అదే కృష్ణ నీళ్ళు మా జిల్లా మీదుగానే పైపుల్లో హైదరాబాదుకు పోయాయి. పైపుకు ఎత్తు అడ్డం రాలేదు. మాకే వచ్చింది.

మాకు నీళ్ళివ్వలేదు గానీ మా పేరు మీద ఒక పద్ధతి పెట్టారు. నాగపూర్‌లోని నీరి సంస్థవాళ్ళు 1970లలో తయారుచేసిన దాన్ని లోకమంతా 'నల్లగొండ టెక్నిక్' అంటుంది. నీళ్ళలో పటిక, సున్నం, బ్లీచింగు పౌడరు వెయ్యాలి. పది నిమిషాలు మెల్లగా కలపాలి. గంట సేపు కదపకుండా ఉంచాలి. కింద మడ్డి పేరుకుంటుంది. పైన తేటను అడుగుకు కొంచెం పైనున్న నల్లాతో పట్టుకోవాలి. పద్ధతి మంచిదే, నేను తప్పు పట్టను. కాని ఆ కొలత నీళ్ళను బట్టి మారుతుంది. పటిక తక్కువైతే పని దండుగ, ఎక్కువైతే నోరంతా వగరు. మా అమ్మ తెల్లారకముందే పత్తి ఏరనీకి పోయేది. చీకటి పడ్డాక వచ్చేది. ఏ తరాజులో తూచాలె? ఆ గంట ఎక్కడిది? ఆ మడ్డిని ఎక్కడ పారబొయ్యాలె? వాడకట్టంతా ఎవరి దూపను వాళ్ళే ఇంట్లో కూసోని బాగుచేసుకోవాలన్నమాట. ఊరు వేరు చేసిన నీళ్ళను శుద్ధి చేసే చాకిరీ కూడా మాదిగ ఆడమనిషి నెత్తి మీదనే.

'నీళ్ళు కాచి చల్లార్చి తాగండి' అని బడి గోడల మీద రాస్తాం. కాస్తే పురుగు చస్తుంది, ఫ్లోరైడ్ చావదు. నీళ్ళు ఆవిరైపోయిన కొద్దీ అది ఇంకింత చిక్కబడుతుంది. కట్టెలు కొనుక్కొని విషాన్ని మరగబెట్టుకోవడమే. నేను నా క్లాసులో ఈ మాట కూడా బోర్డు మీద రాస్తాను.

ఇంకో సలహా ఉంది. పాలు తాగుండ్రి, గుడ్లు తినుండ్రి, నిమ్మ, ఉసిరి తినుండ్రి. సలహా తప్పు కాదు. సున్నపు ధాతువు, సి విటమిను ఉన్న ఒంట్లో ఈ జబ్బు జోరు తగ్గుతుంది. 1970లలోనే హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు నల్లగొండ దిక్కు పడుచు పిల్లల్లో మోకాళ్ళు లోపలికి వంగిపోవడం చూసి, నీళ్ళతో పాటు తిండినీ లెక్కలోకి తీసుకున్నారు. ఇప్పుడు చెప్పండి మిత్రులారా, ఫ్లోరిన్‌కు కులం లేదా? బర్రె ఎవరి కొట్టంలో ఉంది? పాలు ఎవరి ఇంట్లో కాగుతున్నాయి? ఊర్లో రెడ్ల ఇండ్లల్లో, గొల్ల ఇండ్లల్లో కూడా వంగిన నడుములున్నాయి, నేను కాదనను. కాని భూమి ఉన్నోళ్ళు పిల్లలను పట్నంలో ఉంచి చదివించారు. తర్వాత ఇరవై లీటర్ల క్యాన్లు వస్తే వాళ్ళే ముందు కొన్నారు. పక్కా పళ్ళు లోపల తయారయ్యేది ఎనిమిదేండ్లలోపే. ఆ ఎనిమిదేండ్లలో ఎవరి బిడ్డ ఏ నీళ్ళు తాగిందో పండ్లికిలిస్తే తెలిసిపోతుంది. మా బిడ్డలు అందుకే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని నవ్వుతారు.

నీళ్ళ కోసం కొట్లాడడం మనకు కొత్త కాదు. 1927 మార్చి 20న మహద్‌లో అంబేద్కర్ చౌదార్ చెరువు నీళ్ళు దోసిలితో తాగాడు. వేరే చెరువు తవ్వియ్యమని అడగలేదు. అందరి చెరువులోనే తాగాడు. కారంచేడులో మాదిగలు తాగే నీళ్ళను బర్రెల కుడితి బకెట్లు కడిగి పాడుచేయొద్దన్న చోటనే తగువు లేచింది. ఎదిరించి మున్నంగి సువార్తమ్మ బిందె ఎత్తింది. 1985 జూలై 17న మనవాళ్ళను వెంటాడి చంపారు. మన చరిత్రంతా ఈ బిందెలోనే ఉంది. మరి నీళ్ళను ఎవరు ముట్టారని తరతరాలుగా అడిగిన ఊరు, వాడ నీళ్ళలో ఏముందని ఒక్కనాడైనా అడిగిందా? మన సంఘాలూ అడగాలె.

1996 పార్లమెంటు ఎన్నికల్లో నల్లగొండలో 480 మంది నామినేషన్లతో నిలబడ్డారు. ఓటు కాగితం పుస్తకమైంది. దేశమంతా మా దిక్కు చూసింది. ఆ పోరాటానికి దండం పెడతాను. 2016 నుంచి మిషన్ భగీరథ కింద నది నీళ్ళు వచ్చాయి, అదీ అబద్ధం కాదు. 2020కల్లా తెలంగాణలో ఫ్లోరైడ్ ఆవాసాలు సున్నా అని లెక్క తేలింది. నల్లాలో సున్నా కావచ్చు. బొక్కల్లో సున్నా కాదు. ఒకసారి పట్టిన బొక్కను ఏ నల్లా వదిలించలేదు. వికలాంగుల పింఛనుకు 40 శాతం తేలాలి. మెడ తిరగని మనిషికి ఎంత శాతమో కొలిచే కాగితం కోసం మా నాయన చచ్చేదాకా తిరిగాడు.

ఇప్పటికీ పైపు పగిలితే, మోటరు కాలితే, లైను చివరనున్న మా వాడకే ముందు నీళ్ళు బందవుతాయి. అప్పుడు మా అమ్మ బిందె తీసుకొని ఆ ఎర్రరంగు బోరింగు కాడికే పోతుంది. వద్దంటే ఒకటే మాట. "గా బోరింగు ఎవలో బిచ్చమేసింది గాదు కొడుకా. మేం కూలి ఇడిసి కొట్లాడి తెచ్చుకున్నది." ఆమెకు నేనేం చెప్పాలె? ఆమె గర్వం నిజం. ఆ నీళ్ళల్ల విషమూ నిజం. ఆమె ఆత్మగౌరవాన్నే విషంలో ముంచి ఇచ్చిన ఊరిని వదిలిపెట్టి, ఉత్త రాయిని తిట్టమంటే నాతోని కాదు.

వంగిన నడుముల ఫొటోలు తీసింది చాలు. చదువుకున్న దళిత పిలగాండ్లను అడుగుతున్నా. ఒక కిట్టు, ఒక నోటుబుక్కు పట్టుకొని మీ మీ ఊర్లకు పోండి. ఊరి నీళ్ళు వేరుగా, వాడ నీళ్ళు వేరుగా పరీక్ష చేసి రాయండి. ఏ బోరు ఎవరికోసం, ఏ పంచాయితీ తర్వాత వేశారో మీ అవ్వలనడిగి పక్కన రాయండి. ఊరికంతా కలిపి ఒక్క అంకె వేసే రిపోర్టును ఒప్పుకోవద్దు. సగటు తీస్తే వాడ మునిగిపోతుంది. పైపు ముందు వాడకు రావాలె, అక్కడి నుంచి ఊరికి పోవాలె. మాకు ఇంకో వేరే బోరు వద్దు. అందరికీ ఒక్క నీళ్ళే కావాలె.